అలలు లేని చోటే దిగితే సేఫేనా?

ప్రశ్న: పిల్లలతో ఫస్ట్ టైమ్ బీచ్‌కి వెళ్తున్నామండీ. అలలు తక్కువగా, నీళ్ళు ప్రశాంతంగా ఉన్న చోట దిగితే భయం లేదు కదా?

జవాబు: అమ్మా, సరిగ్గా అక్కడే చాలామంది పొరపాటు పడతారు. రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం నల్లగా, నున్నగా కనిపిస్తుంది చూడండి, అది రిప్ కరెంట్ కావచ్చు, అంటే ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి. వచ్చీరాగానే దిగకుండా ఒక పది నిమిషాలు ఇసుకలోనే నిలబడి చూడండి, నురగ, నాచు లోపలికి కొట్టుకుపోతుంటే అటు వద్దే వద్దు.

ఒకవేళ చిక్కుకుంటే అది కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది అంతే. ఉధృతంగా ఉంటే సెకనుకి 2 మీటర్లు కూడా దాటుతుంది, ఎంత ఈత వచ్చినా ఎదురీదితే అలిసిపోతారు, మునిగేది ఆ అలసటతోనే. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యండి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడండి.

లైఫ్‌గార్డులు ఉండి ఎరుపు-పసుపు జెండాలు పెట్టిన చోట ఆ రెండింటి మధ్యే దిగండి. పిల్లలు మాత్రం మోకాలి లోతులో ఉన్నా మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలమ్మా, ఫోన్ బ్యాగులో పెట్టేయండి ప్లీజ్.