తొమ్మిది కిటికీలకూ ఒకే రకం బ్లైండ్స్ ఎందుకు?

ప్రశ్న: కొత్తింట్లోకి దిగి నెల అయింది. మొత్తం తొమ్మిది కిటికీలు. అన్నింటికీ మోటారుతో నడిచే బ్లాకౌట్ రోలర్ బ్లైండ్స్ (వెలుతురు రానివ్వని, పైకి చుట్టుకునే బట్ట తెరలు) వేయడానికి కొటేషన్ ఇచ్చారు, అది మా రెండు నెలల జీతమంత ఉంది. 12 నెలల ఈఎంఐ, వడ్డీ లేదంటున్నారు. మా దగ్గర రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఉంది. పడకగదిలో పడమటి వైపు రెండు కిటికీల్లోంచి ఎండ దంచేస్తుంది, రెండేళ్ల పాప పడుకునేది అక్కడే. ఒకేసారి మంచివి వేయించేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని మావారు, చౌకవి చాలని నేను. ఏం చేయమంటారు?

జవాబు: మీవారి మాట మూడు కిటికీలకు సరిపోతుంది, మీ మాట మిగతా ఆరింటికి. చిక్కంతా తొమ్మిదింటికీ కలిపి ఒకే కొటేషన్ తీసుకోవడంలో ఉంది.

ముందు ఈఎంఐ సంగతి తేల్చేద్దాం. వడ్డీ లేదన్నప్పుడు మీరు అడగాల్సింది ఒకటే, మొత్తం ఇప్పుడే కట్టేస్తే ఎంత తగ్గిస్తారు అని. 10 శాతం తగ్గిస్తామన్నారంటే మీరు కడుతున్న వడ్డీ అక్కడ దాక్కుని ఉందన్నమాట. ఇప్పుడే కడితే 900కు వచ్చేదాన్ని 12 వాయిదాల్లో 1000 చేసి కడుతున్నారు, పైగా అసలు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి అది ఏడాదికి దాదాపు 20 శాతం వడ్డీ కింద లెక్క. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. రెండు నెలల ఖర్చు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లు కిటికీల కోసం ఏడాది పాటు వాయిదాలు నెత్తిన పెట్టుకోవద్దు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక మన్నిక. బ్లైండ్స్ కొనేటప్పుడు అందరం బట్ట చూస్తాం, రంగు చూస్తాం. పాడయ్యేది చాలాసార్లు అది కాదు. మా పడకగదిలో రోలర్ బ్లైండ్ మూడో ఏడు మొరాయించింది. గొలుసు లాగితే పక్కనున్న ప్లాస్టిక్ చక్రం టకటకమని జారుతుంది, బ్లైండ్ మాత్రం సగంలోనే వేలాడుతుంది. బట్ట కొత్తదానిలాగే ఉంది. విప్పి చూస్తే చక్రానికి రెండు పళ్లు అరిగిపోయాయి, అంతే. ఆ ముక్క విడిగా దొరకదు, మొత్తం మార్చుకోవాల్సిందే అన్నారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది, వారంటీ ఎన్నేళ్లు అనే దానికంటే ముందు విడిభాగాలు దొరుకుతాయా అని అడగండి. రోలర్‌కు గొలుసు, చక్రం. అడ్డపట్టీల వెనీషియన్‌కు పట్టీలను పట్టి ఉంచే తాళ్లు. నిలువు పట్టీల వాటికి పైన కొక్కేలు, కింద సన్న గొలుసు. ముందు పోయేవి ఇవే.

లెక్క ఇలా వేసుకోండి. చౌకది 100 పడుతుంది, మూడేళ్లకు పోతుంది అనుకుందాం, మంచిది 220, మధ్యలో ఒకసారి 10 పెట్టి చక్రం మార్చితే తొమ్మిదేళ్లు వస్తుంది, ఫిట్టింగ్ ఏదైనా 15. తొమ్మిదేళ్లలో చౌకదానికి మూడుసార్లు కలిపి 345 అవుతుంది, మంచిదానికి 245. కానీ ఈ లెక్క రోజూ ఎత్తి దించే కిటికీకి, ఎండ నేరుగా పడే కిటికీకి మాత్రమే నిలుస్తుంది. ఎప్పుడో చుట్టాలొచ్చినప్పుడు దించే గదిలో చౌకది కూడా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, అక్కడ 220 పెట్టడం దండగ.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది పడమటి కిటికీలు రెండింటికి, వంటింటి దానికి. పడమటి వాటికి బ్లాకౌట్ రోలరే మంచిది, అద్దం వైపు తెల్లగా ఉండే బట్ట తీసుకోండి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే బ్లైండ్‌కు తగులుతుంది, తెలుపు అందులో కొంత వెనక్కి కొడుతుంది, ముదురు రంగైతే వేడిని పీల్చుకుని గదిలోకే వదులుతుంది. వంటింట్లో బట్ట వద్దు, నూనె జిడ్డు పట్టిందంటే వదలదు, చెక్క అయితే ఆవిరికి వంకర పోతుంది. అల్యూమినియం పట్టీలు తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది, వంగకుండా కాస్త మందమైనవి చూసుకోండి. హాల్లో బయటి దృశ్యం కావాలంటే సన్న రంధ్రాల స్క్రీన్ బట్ట ఉంటుంది, 3 శాతం, 5 శాతం అని చెబుతారు, అంటే బట్టలో అంత భాగం ఖాళీ అని. పగలు బాగుంటుంది కానీ రాత్రి లైటు వేస్తే బయటివాళ్లకు మీరే కనిపిస్తారు, ఇది ముందే తెలుసుకుని కొనండి.

మోటారు చేయి అందని కిటికీకి తప్ప వద్దు. పాడయ్యే వస్తువు ఇంకొకటి చేర్చుకోవడమే.

పాప విషయంలో మాత్రం పైసా కూడా వెనకాడకండి. వేలాడే తాడు, ఉచ్చులా ఉండే గొలుసు చిన్నపిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన సంగతులు నిజంగా ఉన్నాయి. ఆ గదికి తాడు లేని, చేత్తో కిందికి లాగితే దిగే స్ప్రింగ్ రకం తీసుకోండి, ఖర్చు ఎక్కువైతే హాలు కిటికీని ఇంకో ఏడాది ఆపండి. మంచం కిటికీకి దూరంగా జరపండి, అది ఇవాళే చేయండి.

ఇంకో మాట, కొలతలు. ఫ్రేమ్ లోపల బిగించేదైతే వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువది తీసుకోవాలి. కొలతకు చేయించినవి సాధారణంగా వెనక్కి తీసుకోరు, సెంటీమీటరు తేడా వస్తే ఆ డబ్బు పోయినట్టే. అందుకే కొలిచేది వాళ్లే అయి ఉండాలి, తప్పు వస్తే మళ్లీ చేసిస్తామని బిల్లు మీద రాయించుకోండి.

ఈ నెల పడకగదివి రెండూ నగదు పెట్టి చేయించండి. వంటింటిది మూడు నెలల తర్వాత. మిగతా వాటికి పాత కర్టెన్లు వేలాడదీసి, ఈఎంఐ కింద పోయేదనుకున్న మొత్తాన్ని నెలనెలా పక్కన పెడుతూ రండి, చేతిలో ఆరు నెలల ఖర్చులు జమయ్యాక ఆ ఆరు కిటికీల మాట చూద్దాం. కొలతలు, బట్ట నంబరు రాసిన కాగితం బిల్లుతో పాటు ఫైల్లో పెట్టుకోండి, నాలుగేళ్ల తర్వాత చక్రం మార్చాలన్నా అదే బట్ట మళ్లీ కావాలన్నా దాన్నే అడుగుతారు.