నా మేనకోడలికి, పుస్తకం అచ్చుకి వెళ్లేలోపు

చిట్టీ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, ఇది ఉద్యోగం చేసుకుంటూ కవిత్వం పుస్తకాలు వేస్తుందట. నువ్వైనా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను చెప్పను. బెంగళూరులో 12 మంది తెలుగు పిల్లలు ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఒక పెద్ద కవిత రాశారనీ, దాన్ని నువ్వు సొంత డబ్బుతో పుస్తకం చేస్తున్నావనీ వింటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మద్రాసులో నేను ఇదే పని చేసినప్పుడు నీకంటే రెండేళ్లు చిన్నదాన్ని. కానీ నువ్వు మీ నాన్నకి పంపిన ప్లాన్ వాడు నాకు పంపాడు. అది చదివాక నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఐఎస్‌బీఎన్‌కి, అదే పుస్తకం గుర్తింపు నంబరుకి, డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్లు ఉచితంగానే ఇస్తారు. మొదట 200 కాపీలు చాలు, డిజిటల్‌లో వేయించు, అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. తెల్లగా మెరిసే కాగితం వద్దు, కాస్త లేత పసుపుగా ఉండే నేచురల్ షేడ్ తీసుకో. పుస్తకం బయటికొచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, ఇక్కడ చెన్నై ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి ఒకటి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి ఒక్కోటి పంపాలి. 1954 నాటి చట్టం అది. చిన్న పుస్తకాలు ఇళ్లల్లో మిగలవమ్మా. ఇల్లు మారినప్పుడల్లా ఒక కట్ట పాత పేపర్ల వాడికి పోతుంది. కన్నెమరాలో మిగులుతాయి.

అచ్చు సంగతి మాత్రం కాస్త శ్రద్ధగా విను. మీ పిల్లలు పేజీలో మాటలు చెదరగొట్టి, మెట్లలాగా, రెండు వరసలుగా రాశారట. బాగుంది. కానీ తెలుగుకి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయి. లైన్లు దగ్గరగా జరిపితే పై పాదం వత్తు కింది పాదం గుడిని గుద్దుకుంటుంది. మన మాటలు పొడుగు కూడాను. పేజీ సన్నగా పెట్టుకుంటే పాదం సగంలో విరిగి కిందికి దిగిపోతుంది, కవి విరవని చోట ప్రెస్సు విరుస్తుంది. కాబట్టి పుస్తకం మొత్తంలో అన్నిటికంటే పొడుగు పాదం ఏదో వెతుకు. అది విరగకుండా పట్టేంత వెడల్పు పేజీ తీసుకో. ఆ తర్వాతే సైజు. అను అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేసినవాళ్లు ఉంటే యూనికోడ్‌లోకి మార్చాక అక్షరం అక్షరం చూడు, మార్చేటప్పుడు వత్తులు తారుమారవుతాయి. ఇన్‌డిజైన్‌లో పేజీలు పేరిస్తే, వత్తులు సరిగ్గా కలిపే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేశావో లేదో చూసుకో. ఎప్పుడూ కాగితం మీదే ప్రూఫు చూడు. ఒకరు పైకి చదవాలి, ఒకరు దిద్దాలి.

ఇప్పుడు అసలు సంగతి. నీ ప్లానులో ఒక వాక్యం ఉంది: "చివరి ఎడిటింగ్ అంతా నేనే చేస్తాను, కవిత అందరిదీ కాబట్టి ఎవరి భాగం ఏదో వెయ్యం." ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే.

1983 మద్రాసులో నీళ్లు లేని సంవత్సరం. తెలుగు గంగ ఒప్పందం కుదిరింది కూడా ఆ ఏడే. నీళ్ల లారీ ఏ రాత్రప్పుడో వచ్చేది. మేం ఏడుగురం, అందరం తెలుగువాళ్లం, మాంబళం, సైదాపేట, తొండియార్‌పేట, పెరంబూరు నుంచి ఆదివారం ఆదివారం మెరీనాలో గాంధీ విగ్రహం దగ్గర కలిసేవాళ్లం. తమిళంలో అందాది అని ఉంది కదా, ఒక పద్యం ఏ మాటతో ముగుస్తుందో తర్వాతి పద్యం ఆ మాటతోనే మొదలవుతుంది. మనకూ ముక్తపదగ్రస్తం ఉంది. ఆ పద్ధతిలో వచన కవిత రాద్దామనుకున్నాం. ఒక పొడుగాటి రూళ్ల నోటుబుక్కు ఇంటింటికీ తిరిగేది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు నాలుగు పాదాలు రాసి, బస్సెక్కి వెళ్లి తర్వాతి వాళ్లకి ఇచ్చి వచ్చేవాళ్లు. అయిదు నెలలు తిరిగింది ఆ పుస్తకం.

ఆఖర్న చేరినవాడు పెరంబూరు తమ్ముడు. మా అందరికంటే చిన్నవాడు. వాడికి ఒక్క వంతే వచ్చింది. వాడు రాసింది ఇది:

లారీ హారనుకి మెలకువొచ్చింది
అమ్మ కొంగు అప్పటికే తడిసి ఉంది
వరసలో మాకంటే ముందు
నిద్రపోతున్న బిందె

తర్వాతి వంతు నాది. "బిందె మీద చెక్కిన పేరు అరిగిపోయింది" అని అందుకున్నాను.

రాయపేటలో ఒక ప్రెస్సులో ఇచ్చాం. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చి కంపోజ్ చేసే రోజులు. ప్రూఫులు నేనే చూసేదాన్ని, ఎడిటర్ని నేనే. ఒక శుక్రవారం సాయంత్రం ఫోర్‌మన్ పిలిచి, "అమ్మా, 16 పేజీల ఫారాలు మూడు, 48 పేజీలు నిండాయి. నాలుగు లైన్లు మిగిలాయి. వాటికోసం ఇంకో ఫారమా?" అన్నాడు. మా దగ్గర ఇంకో ఫారానికి, అంటే ఇంకో 16 పేజీలకి, డబ్బు లేదు. ఆదివారం ఆవిష్కరణ. లైన్ల మధ్య ఖాళీకోసం పెట్టే సీసం పట్టీలు, లెడ్డులు, అక్కడక్కడా తీసి సర్దితే ఆ నాలుగు లైన్లూ పట్టేవి, ఒక రోజు పట్టేది పని. ఆ ఒక్కరోజు ఆగలేదు నేను. పేర్చిన అక్షరాలుండే పళ్లెం, గ్యాలీ, ముందు నిలబడి ఏ నాలుగు లైన్లు తియ్యాలా అని చూశాను. పెరంబూరు తమ్ముడివి కనిపించాయి. వార్తలా ఉన్నాయి, కవిత్వం లేదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. పేర్చిన అక్షరాల చుట్టూ కట్టిన దారం విప్పి, రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టి నేనే బయటికి తీశాను. కంపోజింగ్ కుర్రవాడు అక్కడికక్కడే ఆ టైపుని విడదీసి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేశాడు. రెండు నిమిషాల్లో ఆ పద్యం లేదు.

ఆదివారం వాడు వాళ్లమ్మని తీసుకొచ్చాడు. ఆవిడకి చదువు రాదు. కొడుకు రాసింది అచ్చయిందని ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వాడు పేజీలు తిప్పాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను చిట్టీ. వాడు నాకేసి ఒక్కసారి చూసి, నా పాదాల మీద, ఆ "బిందె మీద" అన్న చోట వేలు పెట్టి, "ఇదేనమ్మా" అన్నాడు. ఆవిడ ఆ అక్షరాలని చేత్తో తడిమి చూసుకుంది.

వాడు నాతో పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. ఇంకెప్పుడూ ఆదివారాలు రాలేదు, తెలుగులో ఇంకేమీ రాసినట్టు కూడా నాకు తెలియదు. తర్వాత ఆ పుస్తకానికి తప్పొప్పుల పట్టిక అతికించాం. 11 అచ్చుతప్పులు దిద్దాను అందులో. ఇది రాయలేదు, అప్పుడు కూడా ధైర్యం చాలలేదు. ఇప్పుడు చదువుతుంటే ఆ పుస్తకం మొత్తంలో కవిత్వమంటే ఆ నాలుగు పాదాలే. నా "బిందె" ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాళ్లకి అర్థం కాదు, వేలాడుతూ ఉంటుంది.

అందుకే చెప్తున్నాను, కోప్పడుతున్నాననుకున్నా సరే. ఎవరి లైను నువ్వు ముట్టుకున్నా ముందు వాళ్లని అడుగు. వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఎవరికీ అభ్యంతరం లేదుగా" అంటే అది అడగడం కాదు. గ్రూపులో మౌనంగా ఉండేవాళ్లే చిన్నవాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి. మీరు రాస్తున్న గూగుల్ డాక్‌ని వారానికోసారి తేదీ వేసి విడిగా దాచు. చోటు చాలకపోతే పేజీలు పెంచు. డబ్బు తక్కువైతే నన్నడుగు, మీ నాన్నకి చెప్పను.

ఒక కాగితం రాసుకోండి. ఎవరి భాగం ఏదో విడదీయలేకపోతే చట్టం దాన్ని ఉమ్మడి రచన అంటుంది, కాబట్టి 12 మంది సంతకాలూ ఉండాలి. ఎన్నేళ్లకో, ఏ దేశాలకో కూడా రాయండి. హక్కులు రాసిస్తూ ఏళ్లు రాయకపోతే అయిదేళ్లే అని లెక్క, చోటు రాయకపోతే ఇండియా వరకే. మీలో ఒకమ్మాయి డాలస్ వెళ్లిపోతోందన్నావు కదా, ఆ అమ్మాయి సంతకం ముందు తీసుకో.

పేర్ల సంగతి. తిరుపతి వేంకట కవుల గురించి మీ తాతయ్య చెప్పేవారు, గుర్తుందా? 1920లో తిరుపతిశాస్త్రి గారు పోయాక కూడా వేంకటశాస్త్రి గారు జంట పేరు వదల్లేదు. పేర్లు కలిసిపోవడం అంత గొప్పగా ఉంటుంది. కానీ అది కలిసి రాసినవాళ్లు మనసారా కలుపుకున్నది. ఆ 12 మంది తరఫున నువ్వొక్కదానివే నిర్ణయించకు. అందరూ సరే అంటే పాదాల పక్కన పేర్లు వెయ్యకు. అప్పుడు కూడా కనీసం చివర ఒక పేజీలో ఎవరు ఏ వరసలో అందుకున్నారో వెయ్యి. ఎవరి అమ్మయినా వేలు పెట్టి చూసుకోవడానికి ఒక చోటుండాలి.

ఆ శుక్రవారానికి ముందు తీసిన గ్యాలీ ప్రూఫు ఇంకా నా దగ్గరే ఉంది, పసుపు రంగుకి తిరిగింది. నాలుగు పాదాలూ అందులో ఉన్నాయి. పండక్కి వచ్చినప్పుడు చూపిస్తాను.

ప్రెస్సుకి డబ్బు మొత్తం ముందే ఇవ్వకు. మొదటి ప్రూఫు నాకు కొరియర్ చెయ్యి, ఈమెయిల్లో వద్దు. అక్షరాలు 14 పాయింట్లలో ఉండాలి, పక్కన మార్జిన్ వెడల్పుగా వదులు. రెండు సెట్లు పంపు. ఒకటి నేను దిద్దుతాను. రెండోది ఎదురింటి అమ్మాయి చేత పైకి చదివిస్తాను, ఆ పిల్ల తెలుగు తప్పుల్లేకుండా చదువుతుంది.

అత్తయ్య
వెస్ట్ మాంబళం