1948 నాటి కథలో కల్పిత పాత్రలకు రేపటి సంగతి తెలియకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 1947, 48 సంవత్సరాల హైదరాబాద్ సంస్థానంలో ఒక కుటుంబం కథ రాస్తున్నారు. కుటుంబం పూర్తిగా కల్పితం, కాలం మాత్రం నిజం. అప్పుడు జరిగిన సాయుధ పోరాటంతో, సైనిక చర్యతో ఆ కల్పిత మనుషుల బతుకులను ఎంతవరకు ముడివేయవచ్చు, ఎక్కడ ఆగాలి అని అడిగారు. నేను నల్లగొండ జిల్లాలో చాలాకాలం తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత అదే కాలం మీద, సూర్యాపేట ప్రాంతపు ఒక కుమ్మరి ఇంటి కోడలు కేంద్రంగా ఒక నవల రాశాను. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ముందే చెబుతాను. మీ పాత్రలకు రేపు ఏం జరగబోతుందో తెలియకూడదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించిందని, 17న నిజాం లొంగిపోయాడని మనం బడిలోనే చదువుకున్నాం. ఆ తేదీలు తెలిసిన మనం కథ రాస్తున్నప్పుడు మనకు తెలియకుండానే ఆ తెలివిడి పాత్రల నోటికి, నడకకు, చివరికి వారి ధైర్యానికి కూడా అంటుకుంటుంది. సెప్టెంబర్ మొదటి వారంలో చేలో కలుపు తీస్తున్న మనిషికి నిజాం పాలన ఇంకా ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. పది రోజులా, పదేళ్లా అన్నది తెలియకుండానే అతను సంఘంలో (దొరలకు ఎదురు నిలిచిన ఆంధ్రమహాసభను ఊళ్లలో అట్లా పిలిచేవారు) చేరాడు, లేదా భయపడి చేరలేదు. ఆ తెలియకపోవడమే అతని తెగువకు గాని, భయానికి గాని విలువ తెస్తుంది. దాన్ని తీసేస్తే చరిత్ర మిగులుతుందేమో గాని మనిషి మిగలడు.

1947 ఆగస్టు 15నే తీసుకోండి. దేశమంతా పండుగ చేసుకున్న రోజుగా రాయడం సులభం, కాని మన ప్రాంతంలో ఆ రోజు అంత సాదాగా లేదు. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్ ఇండియా ముక్క. ఆగస్టు 15న మునగాల స్వతంత్ర భారతంలోకి వెళ్లింది, పక్కనున్న కోదాడ వెళ్లలేదు. రెండు ఊళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకున్న వాళ్లు, సంతకు వెళ్లివచ్చే వాళ్లు ఉన్నారు. సరిహద్దు దాటితే రూపాయి కూడా మారేది, ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్. నా నవలలో కోడలి పుట్టిల్లు మునగాల వైపు పెట్టడానికి కారణం ఇదే. స్వాతంత్ర్యం అన్న పెద్ద మాట ఆమెకు ముందుగా తమ్ముడి ఊళ్లో ఎగిరిన జెండాగా, తన ఊళ్లో ఎగరని జెండాగా అందింది. నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం జరిగినప్పుడు ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. అది చెప్పాలని నాకు చాలా కోరిక ఉండేది, అయినా చెప్పలేదు. ఆమెకు తెలిసింది నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల రాక ఎక్కువైందనీ, పుట్టింటికి పోయే తోవ భయంగా మారిందనీ మాత్రమే.

యుద్ధం మనుషుల మీద ఎట్లా పడుతుందో చూపించడానికి తుపాకులు అక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధం ఎక్కడో యూరప్‌లో మొదలైనా, ఆ కాలంలో మన ఊళ్ల గుమ్ముల్లోంచి సర్కారు నిర్బంధంగా వసూలు చేసిన లెవీ ధాన్యం పోయింది. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే ఆ భారం చిన్న రైతు మీద పడింది. బట్ట దొరకలేదు, కిరసనాయిలు దొరకలేదు. లెవీ మీది కోపం, వెట్టి మీది కోపం, రైతును భూమి నుండి వెళ్లగొట్టే బేదఖలు మీది కోపం కలిసే సంఘానికి బలమయ్యాయి. 1946 జూలై 4న కడివెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయేనాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ వార్త కుమ్మరి ఇంటికి ఎట్లా చేరిందో రాయాలంటే ముందు ఆ ఇంటి వెట్టి ఏమిటో తెలియాలి. కుమ్మరివారు గడీకి కుండలు ఊరికే ఇవ్వాలి, అధికారులు దౌరాకు వస్తే నీళ్లు మోయాలి, వంట దగ్గర నిలబడాలి. అందువల్ల గడీ వంటసాలలో దొరలు, అమీనులు ఏం మాట్లాడుకుంటున్నారో మొదట చెవినపడేది ఆ ఇంటివాళ్లకే. వార్త వచ్చే దారి దొరికిన తరువాత నాకు సన్నివేశం కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఇక సెప్టెంబర్‌లోని ఆ ఐదు రోజులు. తూర్పు నుండి వచ్చిన సైనిక దళం విజయవాడ రోడ్డు మీదుగా కోదాడ, మునగాల దాటి 15వ తేదీకి సూర్యాపేట చేరింది. అక్కడ విమానాలు దాడి చేశాయి. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చివేసింది, వచ్చినవారు దాన్ని త్వరగానే బాగుచేసుకున్నారు. నార్కట్‌పల్లి దగ్గర రజాకార్ల దళం ఒకటి నాశనమైంది. 17 నాటికి సైన్యం చిట్యాల దగ్గర ఉంది. ఈ వరుసను గోడకు అంటించుకొని రాయండి, కాని పాత్రల చేతిలో పెట్టకండి. రోడ్డుకు నాలుగు కోసుల దూరంలో ఉన్న ఊరికి అందింది ఏమిటంటే మొదట ఆకాశంలో గాలిమోటర్లు, తరువాత ఎక్కడో పెద్ద చప్పుడు, ఆ తరువాత రెండు రోజులు ఏ కబురూ లేకపోవడం. ఆ ప్రాంతపు ముసలమ్మలు నాతో మాట్లాడినప్పుడు తేదీలు చెప్పలేదు. జొన్నచేలు మనిషెత్తు ఉన్నాయనీ, పిల్లలను తీసుకొని వాటిలో పడుకున్నామనీ, చంటిపిల్ల ఏడవకుండా నోట్లో బట్ట పెట్టామనీ చెప్పారు. వానకాలం పంట లెక్కతో చూస్తే జొన్న అంత ఎత్తున ఉండవలసిన కాలం అదే.

ఆ రాత్రుల గురించి ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. దాక్కునే సన్నివేశం రాసేటప్పుడు కటికచీకటి అని రాయాలనిపిస్తుంది. 1948లో భాద్రపదానికి ముందరి అమావాస్య సెప్టెంబర్ 3 ప్రాంతంలో వచ్చింది, పున్నమి 18 ప్రాంతంలో. అంటే సైన్యం నడిచిన ఆ ఐదు రాత్రులూ శుక్లపక్షం చివరి రాత్రులు. మబ్బు తొలగితే చేనంతా వెన్నెల. దాక్కున్నవారికి ఆ వెన్నెలే శత్రువు. ఇది తెలిసిన తరువాత కోడలు మబ్బు కోసం ఆకాశం వైపు చూసే సన్నివేశం నాకు దానంతట అదే వచ్చింది. పంచాంగం, పంటల వరుస, సంతరోజు, ఈ మూడూ కథకుడికి రాజకీయ చరిత్ర పుస్తకమంత అవసరం. ప్రభుత్వ కాగితాలలో మీకు ఇంగ్లీషు సంవత్సరం బదులు నిజాం సర్కారు లెక్క ప్రకారం 1357 ఫసలీ అని కనిపిస్తుంది. దాన్ని కూడా సరిచూసుకోవాలి.

నిజమైన నాయకులను పాత్రలుగా తెచ్చి మాట్లాడించడం గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. వద్దు. రావి నారాయణరెడ్డి 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు. ఆ సభకు మీ పాత్ర వెళ్లవచ్చు, వెనక వరుసలో నిలబడి సగం మాటలే వినవచ్చు. ఆయన 1952లో నల్లగొండ నుండి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలుస్తారన్న సంగతి మాత్రం ఆ వెనక వరుస మనిషి చూపులో కనిపించకూడదు.

అంతకంటే పెద్ద విషయం చనిపోయినవారిది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు కలిసి చేసిన హత్యాకాండ మీ కథాకాలంలోనే ఉంది. ఊరి బురుజు మీద నుండి ఆ జనం చేసిన ప్రతిఘటనను చదివితే ఎవరికైనా తమ కథానాయకుడిని అక్కడ నిలబెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అక్కడ చనిపోయినవారికి పేర్లున్నాయి, వారి మనుమలు అక్కడే ఉన్నారు, ఊళ్లో స్తూపం ఉంది. వారి వరుసలో మనం కల్పించిన మనిషిని చేరిస్తే ఆ పేర్లలో ఒకదాన్ని పక్కకు జరిపినట్టే అవుతుంది. నా నవలలో కాల్పుల సన్నివేశం పేరులేని ఊళ్లో పెట్టాను. బైరాన్‌పల్లి మాట పారిపోయి వచ్చినవారి నోట మాత్రమే వినిపిస్తుంది, అది విన్న తరువాత కుమ్మరి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

ఇక 17వ తేదీ తరువాత ఏం రాయాలన్నది చాలామంది దాటవేసే చోటు. నా నవలలో కుమ్మరి ఇంటి పక్కన దూది ఏకే ముస్లింలైన ఒక దూదేకుల కుటుంబం ఉంటుంది. రజాకార్ల కాలంలో ఆ కుటుంబానికీ, రజాకార్లకూ ఏ సంబంధమూ లేదు. నిజాం లొంగిపోయాడన్న కబురు రాగానే ఊరంతా సంబరపడుతుంటే ఆ ఇంటి తలుపు మూసుకుంది. నెహ్రూ పంపగా వచ్చిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం సైనిక చర్య సమయంలో, ఆ తరువాత సంస్థానంలో కనీసం 27,000 నుండి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది; ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి, నల్లగొండ పేరు కూడా ఆ నివేదికలో ఉంది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల ముందుకు రాలేదు. ఊళ్లలో కూడా దాని గురించి అడిగితే మాట తగ్గుతుంది. నాతో రజాకార్ల గురించి గంటల తరబడి చెప్పిన ఒక పెద్దాయన ఈ ప్రశ్న అడగగానే బీడీ వెలిగించుకొని పశువుల వైపు చూడసాగారు. రికార్డు మాట్లాడనిచోట, ఊరు మాట్లాడనిచోట కల్పనకు నిజమైన పని ఉంటుందని నేను నమ్ముతాను. దూదేకుల ఇంటి పిల్లను కోడలు కుండలు కాల్చే కుమ్మరి ఆములో, పేర్చిన కుండల వెనుక మూడు పగళ్లు దాచే అధ్యాయం నా కల్పన. ఏ కాగితంలోనూ లేదు, ఏ తేదీనీ మార్చదు, ఏ అమరుడి చోటునూ తీసుకోదు. ఆ ఏడు పెత్తర అమావాస్య అక్టోబర్ మొదట్లో వచ్చింది, అంటే లొంగుబాటు తరువాత రెండు వారాలకే బతుకమ్మ. ఆ బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో పక్కింటి ఆమె కనిపించకపోవడాన్ని కోడలు గమనిస్తుంది, కాని పాట ఆపదు. ఆమె పాట ఆపి ఉండవలసిందని కొందరు పాఠకులు నాకు ఉత్తరాలు రాశారు. ఆపితే ఈనాటి మన మనస్సాక్షిని ఆమెకు అరువిచ్చినట్టవుతుందని నా జవాబు.

మీ కథను సెప్టెంబర్ 17తో ముగించాలనుకుంటే మరొకసారి ఆలోచించండి. పంచుకున్న భూమిని కొన్నిచోట్ల పాత దొరలు తిరిగి లాక్కోవడానికి వచ్చారు, పోరాటం ఈసారి యూనియన్ సైన్యాన్ని ఎదుర్కొంటూ సాగి 1951 అక్టోబర్‌లో విరమణ అయ్యింది. మూడు సంవత్సరాల ఈ రెండవ భాగంలో మీ కుటుంబం చేతిలో భూమి ఉందా, పోయిందా అన్నది తేల్చుకోకుండా ముగింపు రాయలేరు. కాగితాల కోసమైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయానికి వెళ్లవచ్చు, కాని నిజాం కాలపు దస్తావేజులు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లండి. పాత పట్వారీల ఇళ్లలో పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకళ్లు ఇంకా దొరుకుతున్నాయి. మీ కథ జరిగే తాలూకా ఏదో రాస్తే, అక్కడి పంటలు, సంతలు, అప్పటి బండిదారుల గురించి నాకు తెలిసినంత ఇదే జవాబు కింద చేరుస్తాను.