మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు కారు ఏసీకి చెవి ఒగ్గండి

డాలస్‌లో మే నెల దాటిందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, పోయిన నెలే సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నా. ఏసీ వేస్తే ఏదో చప్పుడు. షాపులో చూసి కంప్రెసర్ పోయింది, పధ్నాలుగు వందల డాలర్లు అన్నారు. మార్పించెయ్యనా?" కంప్రెసర్ అంటే ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు. నేను తిరిగి అడిగేది ఒక్కటే. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎక్కణ్నించి వస్తోంది? అక్కడ చాలామంది ఆగిపోతారు.

నేను కొత్తగా వచ్చినప్పుడు నా సంగతీ అంతే. ఫ్యాన్ ఒకటి మీద ఉంటే ఏమీ లేదు, మూడు దాటిస్తే ఫటఫటామని మోత. చిన్నప్పుడు సైకిల్ చక్రం పుల్లలకు అట్టముక్క తగిలేట్టు కట్టి తొక్కేవాళ్లం కదా, అచ్చం అలాగే. ఒక షాపులో నాకూ కంప్రెసరే అన్నారు. చేతిలో డబ్బు లేక ఊరుకున్నాను, అదే మంచిదైంది. అపార్ట్‌మెంట్‌లో కింద ఉండే గుంటూరు పెద్దాయన విని, గ్లవ్ బాక్స్‌లో కాగితాలన్నీ నా ఒళ్లో పోసి, రెండు పక్కలా నొక్కి దాన్ని కిందికి దించేశాడు. వెనక క్యాబిన్ ఫిల్టర్, అంటే కారు లోపలికొచ్చే గాలిని వడకట్టేది. బూడిద రంగుకు తిరిగి, దాని నిండా ఎండుటాకులు, పీకన్ కాయల పెంకులు, ఏదో జంతువు పోగేసిన పీచు. కింద ఫ్యాన్ చక్రంలో ఒక ఆకు తొడిమ ఇరుక్కుని ఉంది. చప్పుడంతా దానిదే. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనోయ్" అన్నాడాయన. నిజంగానే ఎలుక పనే కావచ్చు. కొత్త ఫిల్టర్‌కు ఇరవై డాలర్లు కూడా కాలేదు.

అందుకే ముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా చూడండి. తాళం ఒక మెట్టు ముందు ఆపండి. బటన్ కారైతే, చాలావాటిలో బ్రేక్ మీద కాలు పెట్టకుండా రెండుసార్లు నొక్కితే చాలు. ఫ్యాన్‌ను ఒకటి నుంచి చివరిదాకా పెంచండి. ఇప్పుడే మోత వస్తే కంప్రెసర్‌కు సంబంధం లేదు. పెట్రోల్ కారులో దాన్ని తిప్పేది ఇంజన్ బెల్టు, అది ఇంకా కదలనే లేదు.

ఆ తర్వాత టెంపరేచర్‌ను పూర్తి చల్లదనం నుంచి పూర్తి వేడికి తిప్పండి. డ్యాష్‌బోర్డు లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్, టక్, టక్‌మని కాసేపు వచ్చి ఆగితే, వేడిగాలినీ చల్లగాలినీ కలిపే రేకును తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు అరిగాయన్నమాట. దాన్ని బ్లెండ్ డోర్ యాక్చుయేటర్ అంటారు. ప్రమాదమేం లేదు, తీరిగ్గా మార్పించుకోవచ్చు. వస్తువు ఖరీదు తక్కువే, అది ఎంత లోపల ఉందన్నదాన్నిబట్టి కూలీ పెరుగుతుంది.

ఇక ఇంజన్ వేసి, బానెట్ ఎత్తి, లోపల ఒకరిని కూర్చోబెట్టి ఏసీ నొక్కమనండి. ఇక్కడ బానెట్‌ను హుడ్ అంటారు. చున్నీలు, వేలాడే ఐడీ కార్డులు దూరంగా పెట్టండి, ముందు ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. ఏసీ పడగానే ఒక్కసారి టక్‌మనడం, ఫ్యాన్ హోరు పెరగడం మామూలే. కారు ఆపాక కుక్కర్ వెయిట్ ఎత్తినట్టు కాసేపు బుస్సుమన్నా భయం లేదు, లోపలి ప్రెషర్ సర్దుకుంటోంది. కొన్ని సెకన్లకొకసారి టక్‌మని పడుతూ లేస్తూ, చల్లదనం కూడా తగ్గిందంటే మాత్రం గ్యాస్ తక్కువై ఉండొచ్చు. డ్యాష్‌బోర్డులో నీళ్లు తొణుకుతున్నట్టుండి, పక్క సీటు కింద కార్పెట్ తడిస్తే నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది.

కీచుమంటే బెల్టో, దాన్ని బిగించి పట్టే టెన్షనరో చూపించండి. తిరగలి తిప్పినట్టు గరగరమంటేనే టెన్షన్ పడాలి. ఏసీ ఆపినా ఆ గరగర ఆగకపోతే బెల్టు తిప్పే కంప్రెసర్ చక్రం, అంటే పుల్లీ, దాని బేరింగ్ మీద అనుమానం, వేస్తేనే వస్తే కంప్రెసర్ లోపల. ఏసీ కట్టేసి, ఆ వారం హ్యూస్టన్ ట్రిప్ మానుకోండి. బేరింగ్ పట్టేస్తే బెల్టు తెగొచ్చు. చాలా కార్లలో ఆ ఒక్క బెల్టే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది, కొన్నిటిలో వాటర్ పంపునూ తిప్పుతుంది. హైవే మధ్యలో నిలబడిపోతారు. అరిగిన కంప్రెసర్‌ను అలాగే నడిపితే లోహపు రజను సిస్టమంతా పాకి, గ్యాస్‌ను చల్లార్చే కండెన్సర్ కూడా మార్చాల్సి వస్తుంది.

గ్యాస్ గురించి ఒక మాట. ఎండాకాలం రాగానే గ్యాస్ పట్టించడం మనకు అలవాటు. అది పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, బాగా తగ్గిందంటే ఎక్కడో లీకుంది. స్టోర్లో డబ్బా కొని మీరే ఎక్కించుకోవచ్చు గానీ, డబ్బాతో వచ్చే గేజి ప్రెషర్ చెబుతుందే తప్ప లోపల ఎన్ని ఔన్సులుందో చెప్పదు. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కూ చేటే. మీ కారుకు ఆర్-134ఏ రకం గ్యాస్ కావాలో, కొత్తవాటిలో ఉండే ఖరీదైన ఆర్-1234వైఎఫ్ కావాలో హుడ్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. రెండూ కలపకూడదు. లీకు మూసే మందు కలిసిన డబ్బాల జోలికి అసలు వెళ్లకండి, తమ మెషిన్లు పాడవుతాయని కొన్ని షాపులు అలాంటి కారును ముట్టుకోవు. డబ్బు తీసుకుని గ్యాస్ పని చేసేవాళ్లకు ఇక్కడి క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం సెక్షన్ 609 సర్టిఫికెట్ ఉండాలి, మొహమాటపడకుండా అడగండి.

షాపులో "ఏసీ సౌండ్ వస్తోంది" అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు, వాళ్లు వెతికే టైముకు బిల్లు మీదే. చప్పుడును ఇంగ్లీషులో ఇలా చెప్పండి. కీచుకు స్క్వీల్, గరగరకు గ్రైండింగ్, టక్‌టక్‌కు క్లికింగ్, గలగలకు రాట్లింగ్, బుసకు హిస్సింగ్. ఇంకా మంచిది, ఫోన్లో రికార్డు చేసి వినిపించండి. కంప్రెసర్ పోయిందని వాళ్లంటే, ఏ పరీక్షతో తేల్చారో అడిగి ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకుని రెండో షాపుకు వెళ్లండి.

ఎలక్ట్రిక్ కార్లకు ఈ లెక్క సరిపోదు, వాటి కంప్రెసర్‌కు సొంత మోటారుంటుంది. అక్కడి నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి, ముట్టుకోవద్దు. మొన్న రాత్రి పదకొండింటికి మా వీధి కుర్రాడు ఫోన్ చేశాడు. గరాజ్‌లో చార్జింగ్‌కు పెట్టిన కొత్త కారు ఎవరూ లేకుండానే హోరుమంటోందట. బ్యాటరీని చల్లబరుచుకుంటోందని చెప్పి పడుకోమన్నాను.