నొప్పి సంకేతం వెన్నుపాము నుంచి మెదడు కాండానికి ఎలా చేరుతుంది?

వేడి పాత్ర తగలగానే వేలి నుంచి బయలుదేరిన సంకేతం వెన్నుపాములోని బూడిదరంగు పదార్థపు వెనుక భాగానికి, అంటే డోర్సల్ హార్న్‌కు చేరుతుంది. చురుక్కుమనే తొలి నొప్పిని పలుచని మైలిన్ (సంకేతాన్ని వేగంగా నడిపే కొవ్వు) పొర ఉన్న ఏ-డెల్టా నాడీ తంతువులు, కాస్త ఆగి వచ్చే మంటను సెకనుకు సుమారు 1 మీటరు వేగంతో సాగే సీ తంతువులు మోస్తాయి. వాటి చివరలు రసాయన సందేశకాలైన గ్లుటమేట్‌ను, కొన్ని సబ్‌స్టెన్స్ పీని కూడా విడుదల చేయగా ఉత్తేజితమయ్యే అక్కడి న్యూరాన్ల (నాడీకణాల) ఆక్సాన్లు, అంటే పొడవాటి తీగల్లాంటి భాగాలు, చాలావరకు వెన్నుపాము అవతలి పక్కకు దాటి పైకి సాగుతాయి.

అవన్నీ నేరుగా, మెదడు మధ్యలో ఉండి సంకేతాలను పంచే థాలమస్‌కే వెళ్తాయనుకోవడం సరికాదు. డోర్సల్ హార్న్ పైపొరలోని ఇలాంటి న్యూరాన్లలో చాలా భాగం మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలోని పారాబ్రాకియల్ కేంద్రకం అనే నాడీకణాల గుంపుకు శాఖలు పంపుతాయి, అక్కడి నుంచి భావోద్వేగాలతో ముడిపడిన మెదడు భాగమైన అమిగ్డాలాకు చేరే సమాచారం నొప్పికి భయాన్ని, బాధను జోడించడంలో పాలుపంచుకుంటుంది. మెదడు కాండంలోనే ఉన్న పెరిఆక్విడక్టల్ గ్రే అనే ప్రాంతం మాత్రం తనకు అందిన సంకేతానికి స్పందనగా, మెదడు కాండపు కింది భాగమైన మెడుల్లా ద్వారా కిందికి ఆదేశాలు పంపి, డోర్సల్ హార్న్‌లోనే నొప్పిని అణచగలదు, ఒక్కోసారి పెంచనూగలదు.