డక్ట్ హోరుకి పెద్ద యాంప్లిఫైయర్ కొనేముందు

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. గాలి పోయే మెయిన్ డక్ట్‌కి పక్కన అతికిన ఆ గొట్టం హోరుని మైక్‌తో విని, స్పీకర్‌తో అణచడానికి పెద్ద యాంప్లిఫైయర్ కొంటానన్నావు కదా, ఇప్పుడే కొనకు. అది ఫ్యాన్ చప్పుడు కాదు. మెయిన్ డక్ట్‌లో గాలి ఆ గొట్టం మూతి మీదుగా పోతుంటే ముందు అంచు దగ్గర సుడులు లేస్తాయి, అవి వెనక అంచు దాకా కొట్టుకుపోయి గొట్టంలో ఒత్తిడి అలను రేపుతాయి, ఆ అల తిరిగొచ్చి తన లయకే మళ్లీ సుడిని లేపుతుంది. తనను తానే పెంచుకునే గోల ఇది. 1936 నాటి పాల్ ల్యూగ్ పేటెంట్‌లోలా వచ్చే శబ్దాన్ని ముందే విని ఎదురు శబ్దం పెట్టడం వేరు, నీ పని వేరు. నువ్వు ఈ చుట్టును తెంపాలి. తెగిందంటే మైక్‌కి వినపడేదే తగ్గిపోతుంది, స్పీకర్‌కీ పెద్దగా పని ఉండదు.

ముందు లెక్క సరిచూసుకో. గొట్టం 0.85 మీటర్లు, ఒక చివర మూసి ఉంది, కాబట్టి శబ్ద వేగం 340ని, పొడవుకి నాలుగింతలైన 3.4తో భాగిస్తే 100 హెర్ట్జ్, అదే గొట్టం సహజంగా మోగే స్వరం. మూతి వెడల్పు 0.1 మీటరు, స్ట్రౌహాల్ సంఖ్య (హెర్ట్జ్‌ని మూతి వెడల్పుతో గుణించి గాలి వేగంతో భాగిస్తే వచ్చేది) 0.4 అనుకుంటే గాలి సెకనుకు 25 మీటర్ల దగ్గర గట్టిగా మోగాలి. నువ్వు విన్నది ఆ దరిదాపుల్లోనే ఉంటే మన అనుమానం నిజమే. గొట్టం పొడవు మార్చుకునే వీలుంటే అసలు ఈ స్పీకర్ల గొడవే వద్దు, అది మార్చెయ్.

మైక్ మూతి దగ్గర పెట్టకు, అక్కడ ఒత్తిడి ఊగడం తక్కువ, గాలి రొద ఎక్కువ. మూసిన చివరే పెట్టు, గోడకి సమంగా. స్పీకర్ కూడా అక్కడే, కాకపోతే లోపలి ఒత్తిడికి కోన్ వెనక్కి నొక్కుకుపోకుండా దాని వెనక డబ్బాకి గొట్టంలోకి తెరుచుకునే సన్నని రంధ్రం ఉండాలి.

ఇక అసలు సంగతి ఫేజ్, అంటే స్పీకర్ అల గొట్టంలో అలకి ఎంత ముందో వెనకో ఉందన్నది. 100 హెర్ట్జ్ దగ్గర ఒక్క మిల్లీసెకను ఆలస్యమైతే 36 డిగ్రీలు తప్పినట్టే, అదే ఆలస్యం గొట్టం తర్వాతి స్వరమైన 300 దగ్గర 108 డిగ్రీలు. అందుకే 100 హెర్ట్జ్ అణిగిందని సంబరపడేలోపు 300 లేచి కూర్చోవచ్చు, స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే గీత) మొత్తం చూస్తూ ఉండు. గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) కొంచెంగా పెట్టి ముందు ఫేజ్ తిప్పు, హోరు తగ్గే చోటు దొరికాకే గెయిన్ నెమ్మదిగా పెంచు. మరీ పెంచితే 100కి అటూ ఇటూ కొత్త శిఖరాలు మొలుస్తాయి, అక్కడితో ఆపెయ్.

గాలి వేగం మారినా, ఎండాకాలం డక్ట్ వేడెక్కినా సరైన ఫేజ్ మారిపోతుంది. ఒకే సెట్టింగ్ పెట్టి వదిలెయ్యకు. 22, 25, 28 మీటర్ల వేగాల దగ్గర కంట్రోల్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి స్పెక్ట్రమ్ తీసి నాకు పంపు, యాంప్లిఫైయర్ సంగతి అవి చూశాక మాట్లాడదాం.

— పెద్దనాన్న