హైదరాబాద్ బెలూన్‌కు చిక్కిన సూక్ష్మజీవులు అంతరిక్షం నుంచి వచ్చినవేనా?

అలా వచ్చాయని చెప్పడానికి ఆధారం లేదు. అయినా ఆ ప్రయోగం మనం గర్వించదగ్గదే.

2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో నిధులతో ఒక భారీ బెలూన్ ఎగిరింది. అందులో పూర్తిగా శుద్ధిచేసి, లోపలి గాలి తీసేసిన ఉక్కు గొట్టాలు ఉన్నాయి. వాటిని ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ఆ చలికి లోపలికి వచ్చిన గాలి గడ్డకట్టడంతో, గొట్టం బయటి నుంచి ఇంకా గాలిని లాక్కుంటుంది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో అలా నమూనాలు సేకరించి, పారాచూట్‌తో కిందికి దించారు. జీవకణాలపై పరిశోధన చేసే రెండు సంస్థలు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్, వాటిని విడివిడిగా పరీక్షించాయి. మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు: జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై.

ఇవి అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకుంటాయి. అందుకే ఇవి అంతరిక్షం నుంచి వచ్చి ఉంటాయని చాలామంది ఇక్కడే పొరబడతారు. రేడియేషన్‌ను తట్టుకునే జీవులు భూమి మీదా ఉన్నాయి. పైగా ఈ మూడింటినీ గుర్తించింది భూమి మీది జీవులన్నింటిలో ఉండే రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగం) జన్యువుతోనే. ఆ జన్యువు ప్రకారం ఇవి మనకు తెలిసిన కుటుంబాలకు దగ్గరి బంధువులు. ఆర్యభట్టై తరువాత మామూలు నేలల్లోనూ కనిపించింది. తుపానులు, అగ్నిపర్వతాలు దుమ్మును చాలా ఎత్తుకు మోసుకెళ్లగలవు కూడా.

వేరే జన్యు వ్యవస్థో, మన ప్రోటీన్లలోని వాటికి అద్దంలో ప్రతిబింబంలా ఉండే అమైనో ఆమ్లాలో కనిపించి ఉంటే కథ వేరు. అంతరిక్ష మూలం నిర్ధారణ కాలేదని ఇస్రో తన ప్రకటనలోనే స్పష్టంగా చెప్పింది.